పచ్చసిరా

కోనసీమలో ఐదుసార్లు ఎమ్మెల్యేగా గెలిచి, రెండువేల నాలుగులో ఆమె చేతిలోనే ఓడిపోయిన పెద్దాయన ఇప్పుడు ఆమె ఎదుటే కూర్చున్నాడు. సిఫార్సు ఉత్తరం టైపయి బల్ల మీద ఉంది. ఆయన చూపంతా ఆమె ఏ పెన్ను తీస్తుందా అన్నదాని మీదే.

“మా అబ్బాయి సస్పెన్షను ఎత్తేసి ఉద్యోగంలోకి తీసుకోమని గట్టిగా రాయించేవు కదమ్మా?”

“ఆయ్. మీ ఉత్తరాల్లో ఉండే మాటలే రాయించేనండి. కాఫీ తీసుకోండి.”

“సంతకం మాత్రం పచ్చసిరాతో పెట్టమ్మా.”

“ఏం, నీలం చెల్లదాండీ?”

“చెల్లుతుందనుకో... పచ్చదైతే నిండుగా ఉంటుందని.”

“తొంభైమూడులో మా అన్నయ్యకి ఆసుపత్రిలో బెడ్డిమ్మని మీరిచ్చిన ఉత్తరం మీద నీలం సంతకమేనండి. అది పట్టుకుని వరండాలో పదకొండు రోజులు పడున్నాం. పన్నెండో రోజు అన్నయ్య శవంతో సఖినేటిపల్లి వచ్చేసేం.”

“అయ్యో! నాకు తెలీదమ్మా.”

“మీ పాత పీయే గారు ఇప్పుడు నా దగ్గరే చేస్తున్నారండి. పచ్చదైతే పని చెయ్యాలి, నీలమైతే పక్కన పడెయ్యాలి అని ఆఫీసర్లందరికీ మీరే చెప్పి ఉంచేరటగా.”

పెద్దాయన కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

“పాపం, మా నాన్నకే తెలీదండి. ఎమ్మెల్యేగారు మనకోసం సంతకం పెట్టేరని ఆ ఉత్తరానికి ఫ్రేము కట్టించి ఏసుప్రభువు పటం పక్కన పెట్టుకున్నారు. పోయేదాకా ఓటు మీకే వేసేరు.”

“ఎప్పటివో ఇప్పుడెందుకమ్మా. నా కొడుకు బతుకు...”

ఆమె పెన్ను మూత తీసి, తీరిగ్గా సంతకం చేసి, కాగితాన్ని రెండు చేతులతో మర్యాదగా అందించింది. నీలంసిరా ఇంకా తడిగానే ఉంది.

“ఫ్రేము కట్టించుకోండి. గోడకి బాగుంటుందండి.”