చెయ్యెత్తని కౌన్సిలరు

కౌన్సిల్ సమావేశం ముగిసి అందరూ వెళ్ళిపోయాక, మునిసిపల్ ఆఫీసు మెట్ల మీద కౌన్సిలరును ఆవిడ భర్త నిలదీశాడు. గెలిచిన దగ్గర్నించీ ఆయన సైగ చూసే ఆవిడ చెయ్యెత్తేది. ఇవాళ ఎత్తలేదు. తీర్మానం ఒక్క ఓటుతో వీగిపోయింది.

"గుమ్మంలోంచి నేను సైగ చేస్తుంటే కనపళ్ళేదా నీకు?"

"కనపడిందండి."

"మరి చెయ్యెందుకు ఎత్తలేదు?"

"గ్రౌండులో ఇండోర్ స్టేడియం కడతారని చెప్పేరు మీరు. తీరా అజెండా చదివితే చెత్తబళ్ళకి షెడ్డని తేలింది. నాతో అబద్ధమెందుకు ఆడేరు?"

"చెత్త కాంట్రాక్టు తీసుకున్నాయనకి బళ్ళు పెట్టుకోడానికి జాగా కావద్దా? ఎలాగూ ఖాళీగా పడుంది కదా అది."

"ఖాళీగానా? రోజూ సాయంత్రం ఆడపిల్లలు కబడ్డీ ఆడతన్నారక్కడ. మన పిల్ల కూడా ఆడతంది. ఎప్పుడన్నా వెళ్ళి చూసేరా మీరు?"

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ముందు గొంతు పెంచడం ఆవిడకిదే మొదలు.

"ఆయనకి మాటిచ్చేను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్ళమంటావు?"

"మాటిచ్చింది మీరండి. చెయ్యి నాది."

"పొగరెక్కింది నీకు. ఇలాగైతే వచ్చేసారి టికెట్టు రాదు."

"రాకపోతే పోనీండి. అది లేడీస్ సీటు. మీకెలాగూ రాదు."

ఆయన విసురుగా బండి స్టార్టు చేసి, ఎక్కమన్నట్టు చూశాడు. ఆవిడ పైట సర్దుకుని, రాజోలు బస్సు వెళ్ళేదాకా ఆగి, రోడ్డు దాటి గ్రౌండు వైపు నడిచింది.