చెంచయ్య పట్టిన ఒత్తు

ఆ కందిచేల అవతల మోటబావి ఉంది చూశారా, గిలక ఊడిపోయి, గోడల్లో పిచ్చిమొక్కలు మొలిచి... పట్టపగలు కూడా దాన్ని తప్పించుకుని చుట్టు తిరిగి పోతారు గదా మీరు, ఎందుకో ఎప్పుడన్నా అడిగారా? అడగరు. భయపడమంటే మాత్రం అందరికన్నా ముందుంటారు.

మా ముత్తాతల నాడు ఈ ఊళ్ళో రాఘవులని సన్నాయి ఊదేవాడు ఉండేవాడు, అతని పక్కన ఒత్తు పట్టేది బామ్మర్ది చెంచయ్య. ఒత్తంటే వేళ్ళు పెట్టే బెజ్జాల్లేని సన్నాయి, దాంట్లో ఒకటే స్వరం. ముక్కుతో గాలి పీలుస్తూ నోటితో ఊదుతూనే ఉండాలి, సన్నాయి ఆగేదాకా ఒత్తు ఆగకూడదు, అదీ వాళ్ళ కట్టుబాటు. పెళ్ళిలో శాలువా ఎవరికి కప్పుతారు? రాఘవులికే. చెంచయ్యకేమో బుగ్గల నొప్పి. ఒక్కసారన్నా పాట తను ఊదాలి, పక్కన ఇంకొకడు తనకి ఒత్తు పట్టాలి, అదే వాడి కోరిక, అదే వాడి కడుపుమంట.

ఒక ఎండాకాలం ఆ బావిలో పూడిక తీస్తుంటే గోడ గూట్లో కుండ దొరికింది, కుండలో తాటాకుల కట్ట. కరణంగారు చూశారు, పూజారి చూశాడు, ఒంగోలు నుంచి ఒక పంతులొచ్చి భూతద్దం పెట్టి చూసి, ఇది మన లిపీ కాదు, అరవమూ కాదని చేతులెత్తేశాడు. అప్పుడు రాఘవులు, ఇది చదివేది కాదేమో, ఊదేదేమో అన్నాడంట. అందరూ నవ్వారు. అతను మాత్రం ఆకు ముందు పెట్టుకుని, గీత పైకి లేచినచోట స్వరం లేపి, మెలిక పడ్డచోట గమకం వేసి, ఎడం వచ్చినచోట ఆగి, అట్టా ఊదుకుంటూ పోయాడు. ఏమొచ్చిందనుకున్నారు? పాటే వచ్చింది! పాలు పితికే ఆడవాళ్ళు చెంబులు పట్టుకుని ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారంట.

ప్రతి వరస కిందా ఈ చివర నుంచి ఆ చివరకి ఒక గీత గీసుంది. ఇదేంది బావా అని చెంచయ్య అడిగితే, "అది నీదేరా" అని రాఘవులు నవ్వాడు. ఎగతాళికి అన్నాడో, నిజానికే అన్నాడో గానీ ఆ నవ్వు చెంచయ్యకి ముల్లులా దిగింది. ఎన్నడో చచ్చినవాడెవడో కూడా నాకు ఒక గీతే రాసిపెట్టాడా అని కుళ్ళిపోయాడు.

ఇంక ఆగలేదు. ఒక మిట్టమధ్యాహ్నం రాఘవులు తిని పడుకున్నాక సన్నాయీ, ఆకుల కట్టా ఎత్తుకుని ఆ బావి గట్టు మీదికి పోయాడు. తాడు విప్పి ఒక ఆకు తీసి ఊదాడు. ఊదుతుంటే బావి లోపల్నుంచి ఒత్తు వినపడింది! నిండుగా, ఎక్కడా తెగకుండా. భయపడ్డాడా? లేదు, మురిసిపోయాడు. నాకూ ఒత్తు పట్టేవాడు దొరికాడని కళ్ళమ్మట నీళ్ళు పెట్టుకుని ఊదాడు.

ఆకు అయిపోయింది. అప్పుడు బావిలోంచి ఒక చెయ్యి లేచింది, ఆ చేతిలో ఒత్తు. నేనూ బతికినన్నాళ్ళూ ఒత్తే పట్టాను తమ్ముడూ, అసూయతో మా బావ ఆకులు దాచి ఇందులోనే దూకాను, ఒక్కసారి నన్నూ ఊదనియ్యి, కాసేపు ఇది పట్టుకో అన్నదంట లోపలి గొంతు. పాపం, తనలాంటివాడే గదా. చెంచయ్య ఆకూ, సన్నాయీ ఇచ్చి ఒత్తు అందుకున్నాడు. అంతే, మేకలు కాస్తున్న కాంతమ్మ చూస్తుండగానే గట్టు మీద మనిషి లేడు.

ఊరంతా పరిగెత్తింది. నీళ్ళలో దిగి వెతికితే మనిషి తగల్లేదు, కింద మాత్రం పాట నడుస్తోంది, దాని కింద ఒత్తు. చెంచయ్య అక్క రత్తమ్మ, అంటే రాఘవులు పెళ్ళాం, గట్టు మీద మిగిలిన కట్టలో ఒక్క ఆకే తగ్గిందని కనిపెట్టింది. ఆగయ్యా, ఆ ఆకు అయిపోతే పాట ఆగుద్ది, పాట ఆగితే ఒత్తు ఆగుద్ది, నా తమ్ముడు పైకొస్తాడు అని మొగుడి కాళ్ళు పట్టుకుంది.

రాఘవులు వింటే గదా! అతని చెవులు రెండూ ఆ ఒత్తు మీదే. నా పక్కన ఏనాడన్నా ఇంత నిలకడగా పట్టాడా వీడు? నా పాట, నా సన్నాయి, నా ఒత్తు, అన్నీ ఎవడికో! మంట నెత్తికెక్కి, "ఇద్దరూ ఊదుకు చావండి" అని మిగిలిన ఆకుల కట్ట మొత్తం బావిలోకి విసిరికొట్టాడు.

ఇంక పాట ఎందుకాగుద్ది? రత్తమ్మ ముసలిదై పోయేదాకా రోజూ గట్టు మీద కూచుని, ఇప్పుడాగుద్దేమోనని వింటూనే ఉండేది.

అటు పోబాకండి. దాహమైతే ఇంటికొచ్చి తాగండి. తప్పక పోయారే అనుకోండి, ఎవరన్నా కాసేపు ఇది పట్టుకో అంటే చేతులు వెనక్కి పెట్టుకోండి.