భూమిని జరిపిన వెనక డిఫరెన్షియల్

పందెం నాలుగింటికి. మూడు దాటి అయిదు నిమిషాలైంది. మట్టి ట్రాకు పక్కన టీకొట్టు బల్ల మీద మా అక్క రిమోట్‌తో నడిపే చిన్న ట్రక్కు డబ్బాలో ఉంది, డబ్బా మీద నా మోచెయ్యి ఉంది. కిందటి రెండు పందేల్లోనూ ఆ బండి మూడో మలుపులో బోర్లా పడింది. ఇవాళ కూడా పడితే అక్కకి ఈ ఏడాది ఆట అయిపోయినట్టే. ఆస్పత్రిలో డ్యూటీ దిగి నేరుగా వస్తోంది. ఈలోగా బుద్ధున్నదైతే డబ్బా మూత తీసి బండి చూసుకోవాలి. నేను కోతలు కోస్తున్నాను.

"చిన్న పనే బాబాయ్," అన్నాను టీకొట్టు బాబాయ్‌తో. "మలుపులో లోపలి చక్రం మెల్లగా, బయటి చక్రం జోరుగా తిరగాలి కదా, ఆ సర్దుబాటు చేసే గేరే డిఫరెన్షియల్. అక్క బండిలో వెనకదానికి ప్లాస్టిక్ పళ్లు, అరిగి అరిగి బోసినోరైపోయింది. పొద్దున్నే పీకేసి, ఉక్కు పళ్లది పెట్టి, చిక్కటి నూనె పోశాను."

"ఎంత చిక్కన?" అన్నాడు లేత్ తాత. ముప్ఫై ఏళ్లు లేత్ మిషన్ మీద చెయ్యి అరగదీసుకుని, ఇప్పుడు పందెం ఉన్నరోజు తప్ప గడప దాటని మనిషి.

"ఎంతంటే తాతా, సీసా బోర్లించి, నేను తలస్నానం చేసి, జుట్టు ఆరబెట్టుకుని వచ్చేసరికి మొదటి చుక్క ఇంకా మూతి దగ్గరే ఆలోచిస్తోంది. 'రావే తల్లీ' అని బతిమాలితే అప్పుడు దిగింది. సరే, బిగించి మన ఇంటి వెనక ఖాళీ స్థలంలో వదిలాను. మలుపు తిప్పితే ఒరగదే! నిండు గ్లాసు టీ బండి నెత్తిన పెట్టి తిప్పాను, చుక్క తొణకలేదు. ఇంకాస్త గట్టిగా తిప్పాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పు, చెప్పు," బాబాయ్ చేతిలో వడపోత గుడ్డ అలాగే ఆగిపోయింది.

"బండి గిర్రున తిరిగి తన వెనక బంపరుని తనే గుద్దింది."

"అమ్మ బాబోయ్!"

"అప్పుడే నోరు తెరిస్తే ఎలా బాబాయ్! అక్కడో ఇసుక లారీ బురదలో దిగబడి ఉంది. డ్రైవరు నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. 'లే అన్నా, నేనున్నా' అని నా చున్నీ ఒక కొస లారీకి, ఒక కొస బండికి కట్టి..."

"చున్నీ తెగలేదూ?"

"తెగడానికి దానికి టైమెక్కడిచ్చాను? లారీ ఒడ్డున పడింది. డ్రైవరు నాకు దణ్ణం పెట్టబోయి బండికి పెట్టాడు."

తాత నవ్వలేదు. కళ్లజోడు సవరించుకుని నా వెనక్కి చూశాడు. తిరిగితే అక్క. ఆస్పత్రి బట్టల్లోనే ఉంది, మాస్కు ఇంకా మెడలో వేలాడుతోంది.

"నడిపి చూశావా?"

అక్క నాకు పెట్టిన షరతు అదొక్కటే. ఏదన్నా విప్పు, ఏదన్నా మార్చు, నా చేతికిచ్చే ముందు ఒక్కసారి నడిపి చూసి, ఏమైందో ఉన్నదున్నట్టు చెప్పు.

"చూశావా అంటావేంటక్కా!" అప్పటికే జోరు మీదున్న నోరు, పట్టుకుంటే ఆగుతుందా? "మీట మొత్తం నొక్కాను. నాలుగు చక్రాలూ నేలని ఎలా పట్టుకున్నాయంటే, ముందు గొయ్యి పడింది, గొయ్యి నుయ్యి అయింది, నీళ్లు కూడా పడ్డాయి. అయినా వదలవే! ఇక చేసేది లేక భూమే వెనక్కి జరిగింది. బాబాయ్, నిన్న నీ కొట్టు ఎక్కడుంది?"

"ఎక్కడేంటమ్మా, ఇక్కడే."

"కాదు, రోడ్డుకి అవతల. నీకే తెలియనంత మెత్తగా జరిపింది. అదీ నూనె మహిమ!"

బాబాయ్ నిజంగానే రోడ్డు అవతలికి చూశాడు.

తాత మాత్రం టీ గ్లాసు కింద పెట్టాడు. "అంటే అమ్మాయ్, బండి కదల్లేదన్నమాట."

"భూమే కదులుతుంటే బండికేం పని తాతా?" అన్నాను. నా గొంతు నాకే పీలగా వినపడింది.

అక్క డబ్బా తెరిచి, బండిని బల్ల మీద వెల్లకిలా పెట్టి, రిమోట్ మీట కొంచెం నొక్కింది.

ముందు చక్రాలు ముందుకి తిరిగాయి. వెనక చక్రాలు వెనక్కి తిరిగాయి.

పొయ్యి మీద పాలు పొంగి పోతున్నా బాబాయ్ కదల్లేదు. పొద్దున బండి ఉన్నచోటే గజగజలాడి మట్టి తవ్వితే, చిక్కటి నూనె కదా, వేడెక్కితే అదే దారికొస్తుందని మూత పెట్టేశాను. ఇలా ఉంటుందని కల్లో కూడా అనుకోలేదు.

"పళ్ల చక్రం కుడిపక్క రావాలి," అన్నాడు తాత, బొటనవేలితో చూపిస్తూ. "తిరగేసి ఎడమపక్క పెట్టావు. ముందువి పద అంటున్నాయి, వెనకవి రానంటున్నాయి."

"పొద్దునే కదల్లేదా?" అంది అక్క.

భూమి, లారీ, నుయ్యి, అన్నీ నోట్లోనే ఉన్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు.

"కదల్లేదక్కా."

అక్క సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసి నా ముందు పెట్టింది. "మూడూ పది. విప్పు. ఈసారి పళ్లతో పాటు నోరు కూడా బిగించు."

వంగి మొదటి మర మీద స్క్రూడ్రైవరు ఆనించాను. మర మీది సన్నటి గాడి సరిగా కనపడలేదు. తాత పక్కకి జరిగి తన కళ్లజోడు నా చేతిలో పెట్టాడు. బాబాయ్ మాడిన పాలగిన్నె దించుతూ దగ్గాడు.

"అమ్మాయ్, పళ్లు తిరగేసేముందు ఒక్కసారి ఆ మీట నొక్కి, నా కొట్టు మళ్లీ అవతల పెట్టేద్దూ. మధ్యాహ్నం అక్కడైతే నీడ."