పెళ్ళికాని సిపాయికి ఒక గిన్నె అన్నం

పెద్దలారా, అమ్మలారా, నాట్లు సగంలో వదిలి వచ్చిన అన్నదమ్ములారా,

సొక్కోల్ అవ్వ వెళ్ళిపోయింది. మనింటికి కోడలిగా వచ్చినప్పటినుంచీ పుట్టిన ఊరి పేరుతోనే ఆమెను ఇన్నాళ్ళూ పిలిచాం. యాంగ్ పున్‌నే అన్న అసలు పేరు నిన్న శవయాత్ర జెండా మీద రాసేటప్పుడు కదా మనలో చాలామందికి తెలిసింది! సిగ్గుగా ఉంది.

ఆమె ఒక్కగానొక్క కొడుకు ఇన్‌గ్యూ యుద్ధానికి వెళ్ళి ఉత్తరాన ఎక్కడో పోయాడు. శవం రాలేదు. పోయిన తిథి తెలియదు. ఆ శరత్కాలంలో అవ్వ మన ప్యో వంశం పూజామందిరానికి వచ్చి, గతించిన పెద్దల పక్కన వాడికీ ఒక గిన్నె అన్నం పెట్టమని అడిగింది. మనం ఏమన్నాం? పెళ్ళికాకుండా పోయినవాడికి కర్మ లేదన్నాం. పెద్దలు చిన్నవాడికి తలవంచరన్నాం. ఆవిడ గొడవపడలేదు.

“సరేలే నాయనా, మీ తాతలు తిన్నాక మిగిలిందన్నా వాడికి పెట్టచ్చుగా,” అంది.

అదీ పెట్టలేదు మనం.

మరుసటి ఏడు మాంగ్‌జోంగ్ వచ్చింది. బార్లీ కోతా వరి నాటూ ఒక్కసారే మీదపడే రోజు. పొయ్యి ఎగదోసే కర్ర కూడా పొలానికి రావాలంటాం కదా! అంత పనిలో అవ్వ గట్టు మీద గిన్నె పెట్టి కూర్చుంది. పూర్వం రాజులు సిపాయిల ఎముకలు ఇళ్ళకు పంపి, ఈ మాంగ్‌జోంగ్ నాడే కర్మ చేయించారని వాళ్ళ నాయనమ్మ చెప్పిందట. కాకులకు విందా అని ఎవరో నవ్వారు.

“కాకులే నయం. పిలవకపోయినా వస్తున్నాయి,” అంది అవ్వ.

ఆ తర్వాత కొన్నేళ్ళకు ప్రభుత్వం చనిపోయిన సైనికుల కోసం ఒక రోజు పెట్టింది. ఏ రోజు? ఆ ఏటి మాంగ్‌జోంగ్ రోజే! మౌనంగా తలవంచమని మొదటిసారి సైరన్ మోగగానే మనం ఏం చేశాం? విమానాలు వచ్చాయనుకుని, పిల్లల్ని పొట్టకింద పెట్టుకుని బురదలో బోర్లా పడ్డాం. తలెత్తి చూస్తే మడిలో అవ్వ ఒక్కతే తలవంచి నిలబడి ఉంది. తర్వాత మన పిల్లల మొహాలకంటిన బురద తన పావడాతో తుడిచింది.

ఆ రోజునుంచి ఏటా జెండా కడుతున్నాం. ఈ పండగ మా ఊళ్ళోనే ముందు పుట్టిందని అధికారుల దగ్గర గొప్పలు పోతున్నాం. మరి మన మందిరంలో? ఆ కుర్రాడి గిన్నెకు ఇప్పటికీ చోటు లేదు. దేశమంతా తలవంచినవాడికి మనింట్లో అన్నం లేదు.

మంచం పట్టాక అవ్వ అడిగింది: “నేను పోయాక వాడికి ఆకలేస్తే ఎవర్నడుగుతాడర్రా?”



అప్పుడు చెప్పని జవాబు ఇప్పుడు చెబుదాం. తల్లికీ కొడుక్కీ కలిపి ఒక నిమిషం మౌనంగా నిలబడదాం. పెదనాన్నగారూ, వంశపెద్ద మీరు. ఇన్‌గ్యూ మీకు మనవడి వరస, మీకంటే ఎంతో చిన్నవాడు. తెలుసు. మోకాళ్ళు సహకరించకపోతే నా భుజం పట్టుకోండి. ముందు మీరు లేవాలి. మీరు లేచేదాకా మేమెవరమూ లేవం.