క్రియాపదాన్ని విరవనివ్వని ఒడిల్ పేరిసాక్ గారు

1979 సెప్టెంబరు మూడవ తేదీ సోమవారం ఉదయం శ్రీమతి ఒడిల్ పేరిసాక్ గారు ఫ్రాన్సులోని లిమోజ్ నగరంలో ఉన్న మా ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దే విభాగంలో చేరారు. ముప్ఫై ఏడు సంవత్సరాల సేవానంతరం పదవీ విరమణ చేస్తున్న వారిని గురించి నాలుగు ప్రియమైన మాటలు రాయమని యాజమాన్యం నన్ను కోరింది. ప్రియమైన మాటలు నాకు రావడం లేదు, జరిగినది రాస్తున్నాను.

మొదటి పదిహేనేళ్ళూ ఓటర్ల జాబితాల నుండి పాఠ్యగ్రంథాల వరకు వారి కంటబడకుండా ఏదీ అచ్చుకు వెళ్ళలేదు. పంక్తి చివర పట్టని మాటను, అందునా క్రియాపదాన్ని, ఎక్కడ విరవాలన్నది వారి దృష్టిలో చదువరి పట్ల చూపవలసిన మర్యాద.

1994లో మాటలు విరిచే ఆ పని కంప్యూటరుకు అప్పగించారు. ఆ వసంతంలోనే, చదవడం నేర్చుకునే వయోజనుల తరగతుల కోసం వాచకం ఒకటి సిద్ధమైంది. మా కార్యాలయం ఊడ్చే పోర్చుగీసు మహిళ దెయోలిండా అటువంటి తరగతికే వెళ్ళేది. ఒక మధ్యాహ్నం ఒడిల్ గారు ఆమె చేత ప్రూఫు చదివించారు. 'వాళ్ళు తింటారు' అనడానికి మా ఫ్రెంచి భాషలో 'మాఁజ్' అంటాము. రాతలో దాని చివర వచ్చే మూడు అక్షరాలు బహువచనాన్ని చూపుతాయే గాని పలకవు. యంత్రం ఆ మాటను నడిమికి విరిచి, చిన్న గీత పెట్టి, సగం కింది పంక్తికి తోసింది. దెయోలిండా పాపం పలకకూడని అక్షరాలను కూడా పలికి "మాఁ... జాఁ" అని రెండు ముక్కలుగా చదివి, అర్థం కాక కళ్ళు తుడుచుకుంది.

"నా బుర్రకెక్కదు మేడం. రేపట్నుంచి క్లాసు మానేస్తా."

"నీ బుర్రకేం కాలేదు! బుర్ర లేనిది మా పుస్తకానికి."

అటువంటి విరుపులు నలభై ఒకటి తేలాయి. వారు సంతకం చేయకుండానే ప్రూఫును డైరెక్టరు గిల్మార్ గారి బల్లపై పడేశారు.

"రూలు ప్రకారం అక్కడ విరవొచ్చు మేడం."

"చదవడం వచ్చినవాళ్ళకి విరవండి. ఇప్పుడిప్పుడే నేర్చుకునేవాళ్ళ నోట్లో రాళ్ళెందుకు పోస్తారు?"

"చిన్న గీత కోసం ఇంత రాద్ధాంతమా?"

"చిన్నదే అయితే తీసెయ్యండి!"

తీయలేదు. మరునాడే వారిని గిడ్డంగికి బదిలీ చేశారు. పద్నాలుగు నెలలు వారు కాగితపు కట్టలు మోశారు. విభాగంలో తొమ్మండుగురం ఉన్నాము. ఒక్కరమూ నోరు విప్పలేదు. ఆ ప్రూఫుపై వారికి బదులుగా సంతకం చేసినవాడిని నేనే.

వాచకం వెలువడింది, తరగతుల్లో సగంమంది మానేశారు. దెయోలిండా మాత్రం గిడ్డంగిలో, ఒడిల్ గారు చేత్తో రాసిచ్చిన పుటలతో చదువు సాగించింది. ఉపాధ్యాయులు పుస్తకాలను పెట్టెలతో సహా తిప్పి పంపాక గాని మా యాజమాన్యానికి తెలివి రాలేదు. అప్పుడు ఒడిల్ గారిని వెనక్కి పిలిచారు. క్షమాపణ మాత్రం చెప్పలేదు. ఆ విరుపులు తీసేసిన రెండవ ముద్రణ పీఠికలో కృతజ్ఞతలు గిల్మార్ గారికి దక్కాయి!

ఇప్పుడు ఆ విభాగాన్నే మూసివేస్తూ, వారికి సన్మానం చేస్తున్నారు.

"ఏం రాయమంటారు?" అని నిన్న వారినే అడిగాను.

"గిడ్డంగి సంగతి రాయి. నీ సంతకం సంగతీ రాయి. అప్పుడే వేదికెక్కుతా."

రాశాను. వారు నిండు ఆరోగ్యంతో చిరకాలం జీవించాలని, వారి ఆగ్రహం చల్లారకూడదని, నన్ను క్షమించే తొందర వారికి ఎన్నడూ కలగకూడదని మనసారా కోరుకుంటున్నాను.