నేలతో సహా ఎగిరిన ట్రైలర్

"నా ట్రైలర్‌ని చెట్ల చాటుకి లాగాలా? పటగోనియా గాలికి నేను భయపడాలా?" అన్నాడు ఫెర్మిన్.

సరస్సు ఒడ్డున ట్రైలర్లలో, అంటే బండికి తగిలించి లాగే చక్రాల ఇళ్లలో, ఉండే మేం నలుగురం రోజూ సాయంత్రం ఒకే కాయబుర్రలో మాతే ఆకు వేసి వేడినీళ్లు పోసుకుని వంతులవారీగా తాగుతాం. రేపు పెద్ద గాలి వస్తుందని రేడియోలో చెప్పారు. ఆ స్థలం చూసుకునే ఇర్మా, ఫెర్మిన్‌ని పోప్లార్ చెట్ల చాటున తన ట్రైలర్ పక్కకి వచ్చెయ్యమంది. అతనిది ఒడ్డు చివర, ఏ చాటూ లేని చోట, ఒంటరిగా ఉంటుంది.

"ఆగస్టు గాలికి నేనేం చేశానో చెబుతా వినండి. గాలి పడమటి నుంచి కదా వచ్చేది, ట్రైలర్ మూతి అటే తిప్పాను. పికప్పు ట్రక్కుకి తగిలించే ఉంచాను. చక్రాలకి అడ్డుచెక్కలు, నాలుగు మూలలా జాకీలు, బరువు కోసం ట్యాంకు నిండా నీళ్లు. పైనుంచి ఎనిమిది పట్టీలు లాగి నేలలోకి మేకులు దిగ్గొట్టాను. మోకాలి లోతు. కాదు కాదు, నా ఎత్తు."

"మాతే తాగి ఇవ్వు బాబాయ్, ఆ కాయబుర్ర మైకు కాదు," అన్నాడు హిలారియో.

"ఉండరా. ముందు ఇసుక ఎగిరింది, తర్వాత గులకరాళ్లు, ఆ తర్వాత ఏమొచ్చాయో తెలుసా? గొర్రెలు! కిటికీ ముందు నుంచి వరసగా పోతుంటే ఊరుకోవడమెందుకని చెయ్యి బయటపెట్టి రెండింటికి ఉన్ని కత్తిరించాను."

"రెండేనా?"

"మూడోది కదిలింది. ట్రైలర్ మాత్రం ఇంత కూడా జరగలేదు. దాంతో గాలికి ఒళ్లు మండి, కట్టిన నేలనే పెళ్లగించేసింది! నేనూ, పికప్పూ, ఎకరం గడ్డీ, దాని మీదో కుందేలూ, అందరం తూర్పున సముద్రం మీదికి పోయాం. ఓడవాళ్లు చేతులూపారు. తిమింగలాలు తలెత్తి చూశాయి. పొయ్యి మీద పప్పూ మాంసం ఉడుకుతోంది, చుక్క ఒలకలేదు. నేను తాపీగా రెండు పళ్లేలు పెట్టి..."

"రెండెందుకు?" అన్నాను.

"అలవాటు. మధ్యలో ఆపకు. కుడి కిటికీ తెరిస్తే కుడికి, ఎడమది తెరిస్తే ఎడమకి, అలా తిప్పుకుంటూ తెచ్చి లేచిన గుంటలోనే దింపాను. జానెడు తేడా రాలేదు! అలాంటివాణ్ణి చెట్ల చాటున దాక్కోమంటారా?"

హిలారియో చప్పట్లు కొట్టాడు. ఇర్మా నవ్వలేదు.

"అన్నా, తలుపు ముందు గుడ్డ పందిరి ఎవరు చుట్టారు?" అంది.

"ఏ పందిరి?"

"గాలి వస్తుందంటే ట్రైలర్లో ఉండే ఎవరైనా ముందు చేసే పని అదే. అన్నీ చెప్పావు, అదొక్కటే చెప్పలేదు. డెలియా వదిన దాని కిందే కూర్చునేది. మార్చిలో తను పోయినప్పటి నుంచి నువ్వు దాన్ని ముట్టుకోలేదు. ఆగస్టులో ఆ రోజు అది గాలికి ఉబ్బి ట్రైలర్‌ని ఓ పక్కకి లేపేస్తుంటే, నేనూ హిలారియో పాక్కుంటూ వచ్చి చుట్టాం. పట్టీలు బిగించిందీ మేమే. నువ్వు బూట్లతోనే మంచం మీద పడుకుని ఉన్నావు. బయటికి రమ్మని అరిస్తే ఏమన్నావో చెప్పనా?"

ఫెర్మిన్ కాయబుర్రని కింద పెట్టాడు.

"'తీసుకుపోతే తీసుకుపోనీ, నాకెవరున్నారు' అన్నావు. పట్టీలు పట్టుకుని, మేం బయటే ఉండి విన్నాం అన్నా."

అతను సరస్సు కేసి తిరిగాడు. పాపం, ఆ ముఖం చూడలేక నేను తల దించుకున్నాను.

"పికప్పు స్టార్టవ్వాలంటే ముగ్గురు తొయ్యాలి," అన్నాడు చివరికి, చిన్న గొంతుతో.

మేం ముగ్గురం లేచాం.