లీలమ్మ మాటల డబ్బా

రాండ్రి, రాండ్రి, ఇట్ల దగ్గరికి జరిగి కూసోండ్రి. సాగర్, ఆ చాప చెల్లెకియ్యి, నువ్వు గడప మీద కూసో. ఏందే స్రవ్యా, స్టిక్కర్లు జమ చేస్తున్నవా? చెయ్యి బిడ్డా, మంచిదే. గీ యాకుత్‌పురాల నాతోని సదివిన లీలమ్మ అని ఉండె. పోయి మస్తు ఏండ్లయింది. ఆమె ఏం జమ చేసేదో ఎరికేనా? మాటలు. అవ్, నవ్వకుండ్రి, మాటలే! వాళ్ల నాయన ఇస్సాకు రైలు పట్టాల పని చేసేటోడు. అప్పటి టికెట్లు మీ ఫోన్లల్ల వచ్చేటివి కావు, అగ్గిపెట్టెంత అట్టముక్కలు. రైలు దిగినోళ్లు పారేస్తే లీలమ్మ ఏరుకొచ్చి, వెనుక దిక్కు ఒక్కో మాట రాసి బిస్కెట్ల డబ్బాల దాసుకునేది. ఊకెనే రాసేది గాదు. మాట చెప్పినోళ్లు వస్తువును సూపియ్యాలె, ముట్టనియ్యాలె, అప్పుడే రాసుడు. లాడ్ బజార్ల లక్కగాజులు చేసే చాచా నోట 'సిగ్డీ' అని ఇన్నది, ఆ నిప్పుల కుంపటి ముంగట సెమటలు కారంగ కూసోని మరీ రాసుకున్నది. కొత్త మాట దొరికిననాడు దబీర్‌పురా దాక ఎగురుకుంట పోయేది. ఎదురొచ్చిన మేకకు గూడ చెప్పేది, తెలుసా!

ఆ... ఏడున్న? అవ్, మా బడిల గోపాలకృష్ణమూర్తి సారు. కోస్తా నుంచి కొత్తగ వచ్చిండు. మంచోడే, గని పుస్తకమంటే పానం. పాఠం నడుమ లీలమ్మ ఒడిల డబ్బా దొరికింది. ఒక్కో టికెట్ తీసి, "సిగ్డీ, సౌడు, సబ్బల్... ఏవిటే ఇవి? ఏ పుస్తకంలో ఉన్నాయి? నువ్వే పుట్టించావా?" అన్నడు. క్లాసంత నవ్వుడు. నేను గూడ నవ్విన, అబద్ధమెందుకు. "రేపు పొద్దున ఒక్కరైనా వచ్చి ఇది మా మాటే అంటే డబ్బా నీది. లేదా, పొయ్యిలోకి!" అన్నడు. మూడేండ్ల జమ బిడ్డా అది.

లీలమ్మ ఆ సాయంత్రం గల్లీ గల్లీ ఉరికింది. ఎక్కెక్కి ఏడుసుకుంట, "సారు డబ్బా గుంజుకున్నడు, నీ సామాన్ పట్టుకొని బడికి రా, నీదేనని చెప్పు" అన్నది. ఇన్నోళ్లు ఏమనుకున్నరు? పోరి మీద దొంగతనం మోపిండ్రని!

తెల్లారి ప్రార్థన అయితున్నది. గేటు కాడ ఒకటే లొల్లి. బట్టలుతికే కొమురమ్మ ముందుగాల్ల జొరబడ్డది. "ఓ సారూ, నా సౌడు మూట గిదో, నా సంకలనే ఉన్నది. పసిపోరిని దొంగంటవా?" ఎనుక గాజుల చాచా, సిగ్డీ ఎత్తుకొని, "సాబ్, బచ్చీ నే కుచ్ నహీ చురాయా! యే రహీ మేరీ సిగ్డీ!" అనుకుంట, పోరి ఏం ఎత్తుకపోలే, నా కుంపటి గిదో అని సూపెట్టుకుంట వచ్చిండు. ఇస్సాకు డ్యూటీల నుంచే వచ్చిండు, భుజం మీద ఇనుప సబ్బల్. "మాది గరీబు ఇల్లే సారూ, గని నా బిడ్డ దొంగ గాదు." ఇగ దర్జీ, పతంగుల మాంజా అమ్మేటాయన, కుండలామె... పదకొండుమంది!

సారు బిత్తరపోయిండు. "అమ్మా, దొంగతనం అని నేనెప్పుడన్నాను?" "మరేమన్నవ్?" అని కొమురమ్మ నడుము మీద చెయ్యేసింది. సారు మెల్లగ డబ్బా తెరిసి, ఆమె మూట దిక్కు సూసి, "దీన్నేమంటారు?" అన్నడు. "సౌడు! బట్టల మురికి తీసే మన్ను. సదువుకున్నోనివి, గిది గూడ తెల్వదా?" సారు టికెట్ సూసిండు. అదే మాట. చాచాను అడిగిండు, "సిగ్డీ సాబ్, ఔర్ క్యా?" అదే మాట. ఒక్కోటి కలుస్తుంటె మేము చప్పట్లు, ఈలలు. లీలమ్మ తల ఒక్కో మాటకు ఇంతింత పైకి లేస్తున్నది. ఆఖరుకు సారు సబ్బల్ ముట్టుకొని, "మా ఊళ్ళో దీన్ని గునపం అంటాం" అన్నడు. "అది గూడ రాస్కుంట సార్" అన్నది పోరి!

సారు డబ్బా రెండు చేతులతోని ఇచ్చిండు. మా దిక్కు తిరిగి, "ఇవాళ పుస్తకాలు తెరవొద్దు, పాఠం బజారులోనే. లీలమ్మా, ముందు నువ్వు నడువు" అన్నడు. లీలమ్మ ముందట, మేమంత ఎనుక, అందరికంటె ఎనుక సారు, పెన్సిల్ పట్టుకొని. బజారంత ఆగి సూసింది...

ఇగ సాలు. లేవుండ్రి. మీ అమ్మలు పిలుస్తున్నరు, పోయి అన్నాలు తినుండ్రి.